కొలవకుండానే ఇచ్చిన సర్టిఫికెట్‌పై ఫిర్యాదు

బెంగళూరు,
19 ఆగస్టు 2024

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: పీణ్యా రెండో స్టేజ్‌లోని పాత ల్యాబ్ అంతస్తుకు మీ సంస్థ 14 జూన్ 2024న ఇచ్చిన రేడియేషన్ సర్టిఫికెట్‌ను రద్దు చేసి, సర్వే మళ్లీ చేయవలసిందిగా కోరుతూ.

అయ్యా, నమస్కారం.

మొన్న ఫోన్‌లో మీరు తెలుగులోనే మాట్లాడారు. మాది పలమనేరు అంటే మీది చిత్తూరే అన్నారు. అందుకే ఈ ఫిర్యాదు తెలుగులో రాస్తున్నాను. మీ ఆఫీసు ఫైలు కోసం ఇంగ్లీషు ప్రతి విడిగా పంపుతున్నాను.

పీణ్యాలో గార్మెంట్ ఫ్యాక్టరీల్లో కుట్టుపనికి వెళ్లే తల్లుల పిల్లల్ని పగలంతా చూసుకునే కేంద్రం నాది. హిందూపురం, మడకశిర, పలమనేరు వైపు నుంచి వచ్చి ఇక్కడ గదులు అద్దెకు తీసుకున్నవాళ్లే ఎక్కువ. ఇప్పుడు 31 మంది పిల్లలున్నారు. అందులో తొమ్మిది మంది ఇంకా పాకుతూనే ఉన్నారు. రేకుల షెడ్డు చాలక పక్క వీధిలో ఒక అంతస్తు మాట్లాడుకుని అడ్వాన్సు ఇచ్చాను. 1994 నుంచి 2009 దాకా అందులో ఒక మందుల కంపెనీ పరిశోధన ల్యాబ్ నడిచింది. ఆ తర్వాత అట్టపెట్టెల గోడౌను, తర్వాత ఖాళీ. "ఇక్కడ రేడియేషన్ పని కూడా చేసేవాళ్లమ్మా" అని ఓనరు గారు మాటల మధ్యలో అన్నారు. వెంటనే సర్వే చేయిద్దామని పట్టుబట్టింది నేనే. ఖర్చు ఇద్దరం చెరిసగం వేసుకున్నాం. నా వంతు 38,000 రూపాయలు జూన్ 6న మీ ఖాతాలో వేశాను.

ఎనిమిది రోజుల్లో మీ సర్టిఫికెట్ వచ్చింది. "రేడియోధార్మిక కాలుష్యం లేదు. ఈ స్థలాన్ని ఎలాంటి ఆంక్షలూ లేకుండా ఏ అవసరానికైనా వాడుకోవచ్చు" అని అందులో రాశారు.

ఆ మాట రాయాలంటే వెనక ఎంత పని ఉండాలో నాకు తెలుసు. ఈ కేంద్రం పెట్టకముందు ఈ ఊళ్లోనే ఒక పరిశోధన సంస్థలో 22 ఏళ్లు టెక్నీషియన్‌గా చేశాను. ఫాస్ఫరస్-32 అనే రేడియోధార్మిక పదార్థంతో పనిచేసేటప్పుడు ఒళ్లు కాపాడుకోవడానికి అడ్డం పెట్టుకునేది యాక్రిలిక్ పలక. సీసం అడ్డం పెడితే ఫాస్ఫరస్ నుంచి వచ్చే బీటా కణాలు అందులో ఆగుతూ ఎక్స్‌రేలు పుట్టిస్తాయి. చొక్కాకి ఒంటికి తగిలిన రేడియేషన్‌ను పట్టి ఉంచే టీఎల్‌డీ బ్యాడ్జి, మూడు నెలలకోసారి అది లెక్కకు పోవడం, సాయంత్రం బల్ల తుడిచి ఆ కాగితాన్ని కౌంటర్‌లో పెట్టి చూశాకే ఇంటికి వెళ్లడం, ఇవన్నీ నాకు అన్నం తిన్నంత అలవాటు. అందుకే మీ సర్వే జరిగినప్పుడు ఒక్క నిమిషం కూడా పక్కకు పోకుండా అక్కడే నిలబడ్డాను.

జూన్ 11న మీ మనిషి ఒక్కడే వచ్చాడు. పాతికేళ్లు కూడా ఉండవు. పదకొండింటికి లోపలికి వచ్చినవాడు పన్నెండు కాకముందే బండెక్కాడు. ఆరు గదులు, 2,400 చదరపు అడుగులు. మీటరు పట్టుకుని నడుమెత్తులో నడుచుకుంటూ పోయాడు. నేల దాకా వంగింది రెండే రెండుసార్లు. మీటరుకుండే ప్రోబ్ (రేడియేషన్‌ను పట్టే గొట్టం) చివర ఎర్ర ప్లాస్టిక్ మూత అలాగే ఉంది. "మూత తియ్యలేదేం బాబూ?" అని అడిగాను. "లోపల మైకా పొర చాలా పల్చగా ఉంటుందమ్మా, పగిలితే నా జీతంలో కోస్తారు" అన్నాడు. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. దయచేసి అతన్ని ఏమీ అనకండి. పగిలితే జీతం కోస్తామని చెప్పి మీటరు చేతికిచ్చి పంపినవాళ్లతోనే నా పేచీ. మూత ఉన్న ప్రోబ్‌ను, పక్కన గడువు తీరిన క్యాలిబ్రేషన్ (మీటరు సరిగ్గా కొలుస్తోందని సరిచూసిన) స్టిక్కర్‌ను ఫోన్‌లో ఫోటో తీశాను. జత చేస్తున్నాను.

ఆ మూత సంగతి ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, ఇలాంటి ల్యాబుల్లో వాడే కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ నుంచి వచ్చే బీటా కణం ప్లాస్టిక్‌లో మిల్లీమీటరులో మూడో వంతు కూడా ముందుకు పోలేదు. ఆ మూత మందం అంతకు మూడు రెట్లయినా ఉంటుంది. ఇక ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) బీటా గాలిలోనే ఆరు మిల్లీమీటర్లకు ఆగిపోతుంది, మూత తీసినా సరే మైకా పొరను దాటి ఆ గొట్టంలోకి వెళ్లలేదు. ట్రిటియం ఉందో లేదో తేల్చాలంటే మామూలు దారి ఇది. వంద చదరపు సెంటీమీటర్ల చోటును వడపోత కాగితంతో తుడిచి, ఆ కాగితాన్ని బీటా కణం తగిలితే మెరిసే సింటిలేషన్ ద్రవంలో వేసి, ఆ మెరుపులను లిక్విడ్ సింటిలేషన్ కౌంటర్‌లో లెక్కపెట్టాలి. మీ మనిషి సంచిలో ఒక్క కాగితం లేదు, ఒక్క సీసా లేదు. అతను తుడిచింది తన చెమట ఒక్కటే.

ఆ ల్యాబ్‌లో కార్బన్-14, ట్రిటియం వాడారని మాకేం తెలుసు అని మీరు అడగవచ్చు. తెలుసుకోవడమే మీ మొదటి పని. అమెరికాలో నాలుగు ప్రభుత్వ శాఖలు కలిసి 1997లో ఇలాంటి స్థలాల సర్వేకు ఒక పద్ధతి రాసుకున్నాయి. మీ బ్రోషర్‌లో దాని పేరు పెద్ద అక్షరాల్లో వేసుకున్నారు కూడా. మీటరు ముట్టుకోకముందే ఆ చోటు చరిత్ర తవ్వాలని అందులో ఉంటుంది. ఏ పదార్థం, ఎంత, ఏ గదిలో వాడారు, ఎక్కడైనా ఒలికిందా, వ్యర్థం ఎటు పోయింది అన్నది ముందు తేలాలి. అది తేలాకే ఏ గదిని అంగుళం అంగుళం చూడాలో, ఏ గదిలో అక్కడక్కడా చూస్తే సరిపోతుందో విడదీస్తారు. మీరు ఓనరు గారిని గానీ, నన్ను గానీ ఒక్క ప్రశ్న అడగలేదు.

చరిత్ర నాకే దొరికింది. జులై 3న ఫ్యూమ్ హుడ్ (ల్యాబ్ ఆవిర్లను బయటికి లాగే గూడు) కింద అల్మారా ఖాళీ చేయిస్తుంటే అట్ట ఊడిన రిజిస్టరు ఒకటి బయటపడింది. తేదీ, ఐసోటోపు (ఏ రేడియోధార్మిక పదార్థం), తెచ్చింది, వాడింది, మిగిలింది అని గళ్లు. ఎవరో పొందికైన చేతిరాతతో ఏళ్ల తరబడి మైక్రోక్యూరీల్లో (రేడియోధార్మికతకు కొలమానం) లెక్క రాసుకుంటూ వచ్చారు. ఫాస్ఫరస్-32, అయోడిన్-125, ట్రిటియం, కార్బన్-14, నాలుగూ ఉన్నాయి. గామా కౌంటర్‌ను సరిచూసుకోవడానికి అయోడిన్-129 రాడ్ ఒకటి ఉందని మొదటి పేజీలోనే రాశారు. కార్బన్-14 పేజీలో చివరి వరుస 2009 మార్చిది. తెచ్చింది 250, వాడింది 90, మిగిలింది అన్న గడి ఖాళీ. చేతులకు తొడుగులేసుకుని ఆ పేజీ తిప్పినప్పుడు ఆ ఖాళీ గడి దగ్గరే నా చూపు ఆగిపోయింది. అన్ని లెక్కలు రాసిన చెయ్యి ఆ ఒక్కటీ ఎందుకు వదిలేసింది? సంబంధిత పేజీల ఫోటోలన్నీ జులై 5న మీకు మెయిల్ చేశాను. 20న మళ్లీ గుర్తు చేశాను. జవాబు లేదు. చివరికి ఆగస్టు 8న నేనే ఫోన్ చేస్తే మీరన్నారు: "పదిహేనేళ్లయింది కదమ్మా, ఉన్నదంతా ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది."

ఫాస్ఫరస్-32 విషయంలో మీ మాట అక్షరాలా నిజం. దాని అర్ధాయువు, అంటే ఉన్నదాంట్లో సగం తరిగిపోయే కాలం, 14 రోజుల పైచిలుకు, ఐదు నెలలు తిరక్కుండానే వెయ్యో వంతుకు దిగిపోతుంది. అయోడిన్-125కి సుమారు 60 రోజులు, అదీ రెండేళ్లలోపే ముగిసిన కథ. ట్రిటియం అర్ధాయువు 12.3 ఏళ్లు. 2009లో ఉన్నదాంట్లో నూటికి నలభై పాళ్లకు పైగా ఇప్పటికీ ఉంటుంది. కార్బన్-14కి 5,730 ఏళ్లు. పదిహేనేళ్లలో అది వెయ్యింట రెండు పాళ్లు కూడా తరగదు. అయోడిన్-129 అయితే 1 కోటీ 57 లక్షల ఏళ్లు. ఆ రాడ్ చిన్నదే, అందులో ఉండే పదార్థం కొంచెమే. కానీ అది ఎవరి చేతికి వెళ్లిందో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. కాగితం లేని వస్తువు ఏమవుతుందో 2010లో ఢిల్లీ మాయాపురిలో చూశాం. విశ్వవిద్యాలయంలో మూలపడ్డ కోబాల్ట్-60 యంత్రాన్ని పాత సామాన్ల కింద వేలం వేస్తే, తుక్కు దుకాణంలో దాన్ని విప్పినవాళ్లు ఆసుపత్రి పాలయ్యారు, ఒకరు చనిపోయారు. మా అంతస్తులో అంతటి ముప్పు ఉందని నేను అనడం లేదు. రెండింటికీ పోలికే లేదు. ఖాళీ చేసేటప్పుడు లెక్క చూడకపోవడం మాత్రం రెండు చోట్లా ఒకటే.

నేను బెదిరిపోయి రాస్తున్నాననీ అనుకోకండి. ట్రిటియం బీటా చర్మం పైపొరను కూడా దాటదు. కార్బన్-14 బీటా కూడా లోతుకు పోలేదు. పెద్దవాళ్లు బూట్లు వేసుకుని కుర్చీల్లో కూర్చునే ఆఫీసు పెడుతుంటే నేను ఇంత గట్టిగా అడిగేదాన్ని కాదేమో. వీటితో ఇబ్బంది నోటి ద్వారానో, ఊపిరి ద్వారానో లోపలికి వెళ్తేనే. మా పిల్లలు చేసేది సరిగ్గా అదే పని. పది నెలల పాప ఒకతి ఉంది, వాళ్లమ్మ మడకశిర నుంచి వచ్చింది. పొద్దున్న దింపగానే గది ఈ మూల నుంచి ఆ మూలకు పాకి, రెండు అరచేతులూ నేలకు రాసి, నాలుగు వేళ్లు నోట్లో పెట్టుకుంటుంది. చేతికి అంటుకునే మరక నేల మీద ఉందా లేదా అన్నది ఆ పాపకు అన్నింటికన్నా ముఖ్యమైన ప్రశ్న. మీ సర్వేలో ఆ ఒక్క ప్రశ్నకే జవాబు లేదు.

గ్రానైట్ బల్లల సంగతి కూడా తేల్చండి. మీ రిపోర్టులో 24 కొలతలున్నాయి. బల్లల మీద తీసిన నాలుగు మాత్రం గంటకు 0.21 నుంచి 0.24 మైక్రోసీవర్ట్ (ఒంటికి తగిలే రేడియేషన్‌కు కొలమానం) అని ఉండి, మీద గీత కొట్టి, పక్కన "రాయి" అని రాశారు. పోల్చుకోవడానికి సహజ స్థాయి ఎక్కడ కొలిచారంటే, బయట తారురోడ్డు మీద, 0.12. గ్రానైట్‌లో పొటాషియం-40, యురేనియం, థోరియం సహజంగానే ఉంటాయి, మీటరు కొంచెం పైకి ఎగబాకుతుంది. బెంగళూరు నిలబడిందే ఆ జాతి రాళ్ల మీద. కాబట్టి "రాయి" అన్నది నిజమే అయుండొచ్చు. కానీ నిరూపించాలి కదా. పక్కనే వంటగదిలో అదే రాయి, అదే పాలిష్, ఏనాడూ ఐసోటోపు ఎరగని బల్ల ఉంది. దాని మీద ఒక్కసారి పెట్టి చూడమని నేనే అడిగాను. బ్యాటరీ అయిపోతోందన్నాడు మీ అబ్బాయి. రెండు నిమిషాల పని అది.

సింకు కింద వంపు గొట్టం, ఫ్యూమ్ హుడ్ పొగగొట్టం, వినైల్ నేల అతుకులు, ఫ్రీజర్ పెట్టిన మూల, వీటిలో దేన్నీ తాకలేదు. పనిచేసినవాళ్లెవరైనా ముందు అక్కడే చూస్తారు, ఎందుకంటే మిగిలేది అక్కడే. సింకు అంచున పసుపు మీద మూడు రెక్కల రేడియేషన్ గుర్తు స్టిక్కర్ సగం చిరిగి ఇంకా అతుక్కుని ఉంది. ప్లంబరు వచ్చి ఆ గొట్టం విప్పబోతే ఆపి, టేపు చుట్టి, ఆ గదికి తాళం వేశాను.

ఇంకొకటి. ఒకప్పుడు రేడియోధార్మిక పదార్థాలకు లైసెన్సున్న చోటును ఆంక్షలు లేకుండా విడుదల చేసే అధికారం అణుశక్తి నియంత్రణ మండలిది. మీలాంటి సంస్థ ఇవ్వగలిగింది కొలతలు, వాటి మీద అభిప్రాయం. ఆ మందుల కంపెనీ మూసేటప్పుడు మండలి అనుమతి తీసుకుందా, మిగిలిన పదార్థాన్ని ఎవరికి అప్పగించింది, ఆ పత్రాలేవి అని అడగకుండానే మండలి మాట మీరు వాడేశారు. పైగా ఏ పరిమితితో పోల్చి "లేదు" అన్నారో రిపోర్టులో ఒక్క అంకె కూడా లేదు. మన దేశంలో సాధారణ ప్రజలకు పరిమితి ఏడాదికి 1 మిల్లీసీవర్ట్. ఇలా విడుదల చేసే స్థలాలకు అమెరికాలో 0.25 మిల్లీసీవర్ట్, అందులోనూ సాధ్యమైనంత తగ్గించాలంటారు. మా పిల్లలకు మీరు వేసిన లెక్క ఎంత?

కాబట్టి మీరు చేయవలసింది ఇది. జూన్ 14 నాటి సర్టిఫికెట్ చెల్లదని ఓనరు గారికి, నాకు రాతపూర్వకంగా తెలియజేయండి. రిజిస్టరు ముందు పెట్టుకుని సర్వే మళ్లీ చేయండి. ఈసారి మూత తీసిన, క్యాలిబ్రేషన్ ఉన్న మీటరుతో నేలంతా చూడాలి. గదిగదికీ వైప్ టెస్టులు (కాగితంతో తుడిచి చూసే పరీక్షలు) తీసి సింటిలేషన్ కౌంటర్ అంకెలతో సహా ఇవ్వాలి. గొట్టాలు, పొగగొట్టం వదలకూడదు. ఆ అయోడిన్ రాడ్ అక్కడ ఉందో లేదో వెతకాలి. దీనికి నేను రూపాయి కూడా కట్టను. చేయలేమంటే నా 38,000 తిరిగి ఇచ్చేయండి, చేయగలిగినవాళ్ల చేత చేయించుకుంటాను. సెప్టెంబర్ 5లోపు జవాబు రాకపోతే ఇదే ఉత్తరం ఫోటోలతో సహా చెన్నైలోని నియంత్రణ మండలి దక్షిణ ప్రాంతీయ కేంద్రానికి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తుంది. రిజిస్టరు అసలు ప్రతి నా దగ్గరే భద్రంగా ఉంది.

జూన్ నెలాఖరుకు కొత్త చోటికి మారతామని తల్లులకు మాటిచ్చాను. ఈ వానల్లో రేకుల షెడ్డు రెండు చోట్ల కారుతోంది. "ఇంకెప్పుడక్కా?" అని రోజూ అడుగుతున్నారు. మీ సర్టిఫికెట్ గోడకు తగిలించి రేపే మారవచ్చు, అడిగేవాళ్లు లేరు. నా చేత కావడం లేదు.

తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. మీ వాళ్లు వచ్చేముందు రోజు ఫోన్ చేస్తే చాలు, ఉదయం ఏడింటికల్లా తలుపు తీసి ఉంచుతాను.

ఇట్లు,
నిర్వాహకురాలు,
శిశు సంరక్షణ కేంద్రం,
పీణ్యా రెండో స్టేజ్, బెంగళూరు