పదవులే కాదు, నిర్ణయాలూ రాయాలి
2024 మేలో స్కాట్లాండ్ ఫస్ట్ మినిస్టర్ (అక్కడి ప్రభుత్వాధినేత) అయిన జాన్ స్విన్నీపై మన పత్రికల్లో నేను చదివిన పరిచయాలు పదవుల పట్టికను దాటలేదు. 2007 నుంచి తొమ్మిదేళ్లు ఆర్థిక శాఖను, ఆపై అయిదేళ్లు విద్యాశాఖను చూసిన ఈ నాయకుడు, 2020 ఆగస్టులో, కరోనా వల్ల రద్దయిన పరీక్షలకు ఉపాధ్యాయులు అంచనా కట్టిన గ్రేడ్లలో దాదాపు 1,24,000 కోతకు గురై, ఆ దెబ్బ పేద ప్రాంతాల విద్యార్థులపైనే ఎక్కువగా పడినప్పుడు, వారం రోజుల్లోనే క్షమాపణ చెప్పి పాత గ్రేడ్లను పునరుద్ధరించారు. ఇంటర్ ఫలితాల గందరగోళం చవిచూసిన మనకు ఇంతకన్నా ఆసక్తికరమైన సంగతి ఏముంటుంది? విదేశీ నేతల పరిచయాల్లో, గెలుపోటముల లెక్కలను కొంత తగ్గించి అయినా, వారు నిర్వహించిన ప్రతి శాఖ కింద కనీసం ఒక నిర్ణయాన్నీ దాని పర్యవసానాన్నీ విధిగా ప్రచురించాలి.
– ఒక పాఠకుడు, హనుమకొండ