కార్బన్ రిమ్ముపై తప్పు కొలత ముద్రించడం గురించి ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం మేనేజర్ గారికి,

విషయం: 35 మి.మీ. లోతు కార్బన్ రిమ్ముల జతలో వెనక రిమ్ముపై ఉన్న తప్పు ఇ.ఆర్.డి. (రిమ్ములో స్పోకుల చివరలు ఆగే చోటి వ్యాసం; స్పోకుల పొడవును దీన్నిబట్టే లెక్కవేస్తారు) కొలత.

అయ్యా,

నేను హైదరాబాద్‌లో సైకిల్ చక్రాలు కట్టే పని చేస్తున్నాను. 200 కిలోమీటర్ల బ్రెవే అనే దూరప్రయాణ సైకిల్ యాత్రకు సిద్ధమవుతున్న ఒక ఖాతాదారు కోసం గత నెల మీ దగ్గర రెండు డిస్క్ బ్రేక్ రిమ్ములు కొన్నాను. ముందుది 24 రంధ్రాలది, వెనకది 28 రంధ్రాలది. రెండింటి మీదా లోతు 35 మి.మీ., ఇ.ఆర్.డి. 571 మి.మీ. అనే స్టిక్కరే ఉంది. ముందు రిమ్మును కొలిస్తే సరిగ్గా 571 వచ్చింది. అదే నమ్మకంతో వెనకదాన్ని కొలవకుండానే లెక్కవేసి, గేర్ల వైపుకు 280 మి.మీ., బ్రేకు వైపుకు 282 మి.మీ. స్పోకులు తెప్పించాను. కొలవకపోవడం నా పొరపాటేనని ఒప్పుకుంటున్నాను.

స్పోకులన్నీ అల్లి బిగిస్తుండగా, గేర్ల వైపు స్పోకుల బిగువు కొలిచే టెన్షన్ మీటర్ 65 కిలోలు చూపేసరికి నిపుళ్లు (స్పోకులను రిమ్ముకు బిగించే చిన్న నట్లు) ఆగిపోయాయి. స్పోకుల మీద మర అక్కడికే అయిపోయింది. ఈ రిమ్ముకు మీరు చెప్పిన గరిష్ఠ పరిమితి 120 కిలోలు. ఇంకా బలవంతంగా తిప్పితే నిపుల్ మర చెడిపోతుంది. బిగువు చాలకుండా అలాగే వదిలేస్తే, చక్రం తిరిగే ప్రతిసారీ నేలవైపుకు వచ్చిన స్పోకులు వదులై, నిపుళ్లు వాటంతటవే విప్పుకుని, చివరకు హబ్ (చక్రం నడిమి భాగం) దగ్గరి వంపులో స్పోకులు తెగుతాయి. అలాంటి చక్రాన్ని మనిషి కింద పెట్టడానికి నాకు మనసొప్పలేదు. మొత్తం విప్పి, ఎదురెదురు రంధ్రాల్లో స్పోకులు బిగించి నాలుగు చోట్ల కొలిస్తే ప్రతిసారీ 566 మి.మీ. వచ్చింది. అంటే ఒక్కో స్పోకు రెండున్నర మి.మీ. పొడవు ఎక్కువైందన్నమాట. రిమ్ము లోతు కూడా 35 కాదు, 37.5 ఉంది.

ఈ సంగతి మీకు చెప్పినప్పుడు, కొద్దిపాటి తేడాలు సహజమేనని, చక్రం కట్టేవారే కొలుచుకోవాలని, స్పోకులు మీ సరుకు కాదు కాబట్టి బాధ్యత లేదని మీ ప్రతినిధి సమాధానమిచ్చారు. కార్బన్ పొరలను అచ్చులో పేర్చి, వేడితో, ఒత్తిడితో గట్టిపరిచి చేసే రిమ్ములో వ్యాసం 5 మి.మీ. మారడం సహజమైన తేడా కానే కాదు. లోతు రెండున్నర మి.మీ. పెరిగితే ఇ.ఆర్.డి. దానికి రెట్టింపు తగ్గుతుంది కనుక, ఈ రెండు కొలతలూ ఒకే సంగతి చెబుతున్నాయి: ఇది వేరే అచ్చులో తయారైన రిమ్ము, దానికి 35 మి.మీ. రిమ్ము స్టిక్కరు అంటించారు.

అందువల్ల ఈ రిమ్మును వెనక్కి తీసుకుని, ముందుదానికి జత అయ్యే అసలైన 35 మి.మీ. రిమ్మును పంపవలసిందిగాను, వృథా అయిన 28 స్పోకుల ఖరీదు చెల్లించవలసిందిగాను కోరుతున్నాను. అంతకన్నా ముఖ్యంగా, ఇదే స్టిక్కరుతో గోదాములో మిగిలిన రిమ్ములను కొలిపించి, ఇప్పటికే కొన్నవారికి తెలియజేయండి. ఎవరైనా నిపుళ్లను పట్టుకారుతో మొండిగా బిగించి ఆ చక్రం మీద రోడ్డెక్కితే ప్రమాదం. ఇ.ఆర్.డి.ని కొందరు నిపుల్ ఆనే చోటు వరకు, కొందరు నిపుల్ తల పైభాగం వరకు కొలుస్తారు గనుక, మీరు ఏ పద్ధతిలో కొలిచారో కూడా స్టిక్కరు మీదే ముద్రించాలి.

కొలతల ఫోటోలను, కొనుగోలు రసీదు నకలును జతచేస్తున్నాను. రిమ్మును విప్పి భద్రంగా ఉంచాను. మీ మనిషి వచ్చి నా ఎదుటే కొలుచుకోవచ్చు. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను.

భవదీయుడు,
హైదరాబాద్