పక్క బెడ్డు అక్కకు దండం

నిన్న రాత్రి అమ్మని విశాఖ ఆసుపత్రి నుంచి ఒడిశాలోని మా రాయగడ తీసుకొచ్చేశాం. నేను సరిగ్గా నిద్రపోయి 11 రోజులైంది, తప్పులుంటే సర్దుకుని చదవండి.

అమ్మకి కాలూ చెయ్యీ పడిపోలేదు, మూతి వంకర పోలేదు. పొద్దున్నే టీ గ్లాసు ఎదురుగా పెడితే "ఏటే ఇది, తళతళమంటోంది" అంది. మొదట చూపించిన చోట కంట్లో చుక్కలు రాసి పంపేశారు. తీరా చూస్తే అది స్ట్రోక్. మెదడులో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ 4.5 గంటల్లోపే పడాలట. మేం విశాఖ చేరేసరికి మర్నాడైపోయింది. స్కాన్ చూసి మెదడు వెనక భాగంలో స్ట్రోక్ అన్నారు, విజువల్ అగ్నోసియా అన్నారు. కళ్లు బాగానే ఉన్నాయి, చూసిందేమిటో పోల్చుకోలేకపోతోంది.

మూడో రోజు మంచం దగ్గరికెళ్లి నిలబడితే అమ్మ నన్ను చూసి "ఎవరు కావాలమ్మా?" అంది. వరండాలోకొచ్చి ఏడ్చేశాను.

పక్క బెడ్డు పేషెంటు భార్య, కొరాపుట్ వైపు ఒడియా అక్క, వెనకే వచ్చింది. ఓదార్చలేదు. చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లి, మా తాళంగుత్తి అమ్మకి చూపించింది. అమ్మ చాలాసేపు చూసి "పళ్లున్నాయి... దువ్వెనా?" అంది. అక్క దాన్ని అరచేతిలో పెట్టింది. వేళ్లు ఒక్కసారి తడిమాయో లేదో, "మా బీరువా తాళాలు! నీకెలా వచ్చాయి?"

అక్క నా వైపు తిరిగి, సగం తెలుగూ సగం ఒడియా కలిపి, "నువ్వూ అంతే. మూగదానిలా నిలబడకు, ముందు పలకరించు" అంది.

"అమ్మా" అన్నాను.

"వచ్చావేటే, తిన్నావా?"

ఆ తర్వాత రోజూ, తన భర్తకి తినిపించడం అవ్వగానే మా వైపు వచ్చేది. అమ్మ చెయ్యి కంచంలో పెట్టి "మావుసీ, ఇది అన్నం, ఇది పప్పు" అనేది. అక్కా, నీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలీడం లేదు.

తమ్ముడు, మరదలు, చిన్నాన్న ఉండనే ఉన్నారు, వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఒక్కటి మాత్రం మింగుడుపడటం లేదు. మాది ఒడిశా ఆరోగ్య కార్డని, విశాఖ ఆసుపత్రిలో చెల్లదన్నారు. పెళ్లిళ్లకీ సంతలకీ లేని సరిహద్దు రోగానికెలా వచ్చిందో! బంగారం తాకట్టు పెట్టాం.

అయ్యో, మర్చిపోయా, రైల్లో కింది బెర్తు ఇచ్చేసిన పార్వతీపురం కుర్రాళ్లకి థ్యాంక్స్. రాత్రిళ్లు విసుక్కోకుండా వచ్చిన నర్సమ్మకి కూడా. వార్డులో ఫోన్ చార్జర్ ఇచ్చిన తమ్ముడూ, అది నా బ్యాగులోనే వచ్చేసింది, అడ్రస్ పంపు.