తెరిచి వదిలేసిన పోర్టులు

సంపాదకులకు నమస్కారం.

ఇంటి నుంచి పని చేసుకోవడానికని చిన్న ఆఫీసులు, ఆసుపత్రులు రూటర్‌లో 3389 పోర్టు (నెట్‌వర్క్‌లోకి వచ్చే నంబరు వేసిన ద్వారం) తెరిచి, ఆ సంగతే మరిచిపోతున్నాయి. అది రిమోట్ డెస్క్‌టాప్ దారి, అంటే దూరం నుంచి ఆఫీసు కంప్యూటర్‌ను నడిపే దారి. ఇంటర్నెట్‌ను జల్లెడ పట్టే ప్రోగ్రాములు దాన్ని పసిగట్టి పాస్‌వర్డులు వరసగా ప్రయత్నిస్తాయి. నంబరు మార్చినా దాగదు. 2017 మే నెలలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై అనే ప్రోగ్రాము, విండోస్‌లో ఫైళ్లు పంచుకునే 445 పోర్టు గుండా పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. విరుగుడు ప్యాచ్ మార్చిలోనే వచ్చింది!

ఇలాంటి దారులకు కాపలా ఫైర్‌వాల్. ఏ కనెక్షన్ రానివ్వాలో, ఏది ఆపాలో దానికి రూల్స్ రాసి పెడతాం. చాలా ఫైర్‌వాల్స్ ఆ రూల్స్‌ను పైనుంచి కిందికి చూసి, మొదట సరిపోయినదాన్నే అమలు చేస్తాయి. కాబట్టి లోపలివాళ్లు మొదలుపెట్టిన కనెక్షన్లకు వచ్చే జవాబులను పైన అనుమతించాలి. తర్వాత తప్పనిసరి సర్వీసులు, అట్టడుగున ‘మిగతాదంతా డ్రాప్’ (జవాబివ్వకుండా పారేయడం). ఎప్పుడో టెస్టింగ్‌కి పెట్టిన ‘ఎనీ టు ఎనీ అలో’ (ఎవరైనా ఎక్కడికైనా వెళ్లొచ్చు) అనే రూల్ పైన మిగిలిపోతే కింద ఎన్ని రాసినా దండగే. ఇంటర్నెట్ చిరునామాల కొత్త పద్ధతి అయిన ఐపీవీ6కి రూల్స్ ఉన్నాయో లేదో విడిగా చూడాలి, అక్కడ సాధారణంగా లోపలి చిరునామాలను రూటర్ వెనక దాచే నాట్ చాటు ఉండదు. అలాగని ఐసీఎంపీవీ6 (ఐపీవీ6లో లోపాలు, ప్యాకెట్ సైజు లాంటివి తెలిపే సందేశాలు) మొత్తం ఆపేస్తే కొన్ని సైట్లు సగంలో ఆగిపోతాయి.

రూటర్‌లో యూపీఎన్‌పీ (లోపలి పరికరాలు అడగ్గానే పోర్టులు తెరిచే సదుపాయం) ఆపేయండి. బయటినుంచి రావాల్సినవాళ్లకు వీపీఎన్ (ఎన్‌క్రిప్ట్ చేసిన ప్రైవేటు దారి) ఇవ్వండి. తర్వాత ఆఫీసు వైఫై కాకుండా మొబైల్ డేటా మీద ల్యాప్‌టాప్ పెట్టి, ఆఫీసు పబ్లిక్ ఐపీని (బయటికి కనిపించే చిరునామా), తెరిచి ఉన్న పోర్టులు వెతికే ఎన్‌మ్యాప్‌తో స్కాన్ చేయండి. లోపలినుంచి చేసే పరీక్ష ఈ విషయంలో నమ్మదగింది కాదు.

– ఒక నెట్‌వర్క్ ఇంజినీరు, విజయవాడ