నానీకి, బుజ్జి సివిల్స్ దరఖాస్తు సంగతి

రాజోలు
ఆదివారం రాత్రి

ఒరేయ్ నానీ,

నీ వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను. మీ చెల్లి బుజ్జి సివిల్స్ రాస్తానంటోంది, ఢిల్లీ కోచింగ్‌కి ఎంతవుతుంది, ఇప్పుడో రెండు లక్షలు పంపి మిగతాది ఉగాదికి సర్దనా అని అడిగావు. కువైట్ ఎండలో ఆ రూపాయి ఎలా వస్తోందో నాకు తెలుసు కదరా. అందుకే ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోబుద్ధి కాలేదు. ఇప్పుడే పైసా పంపకు. ముందు ఆ పరీక్ష ఏంటో పూర్తిగా విను. దానికి ఈ నెలలో కావలసింది డబ్బు కాదు, కాగితాలు.

చాలామంది ఇదొక్క పరీక్ష అనుకుంటారు. మూడు మెట్లు. మొదటిది ప్రిలిమ్స్, ఒక్క ఆదివారం. పొద్దున జనరల్ స్టడీస్, వంద ప్రశ్నలు, 200 మార్కులు. తప్పు పెడితే ఆ ప్రశ్నకున్న మార్కుల్లో మూడో వంతు కోసేస్తారు. మధ్యాహ్నం సీశాట్, అంటే లెక్కలు, లాజిక్, ఇంగ్లీషు పేరా చదివి జవాబు చెప్పడం. ఇందులో 33 శాతం వస్తే చాలు, ర్యాంకుకి కలపరు. చాలని వదిలేసి అక్కడే బోర్లాపడ్డవాళ్ళని బోలెడుమందిని చూశాను. బుజ్జికి లెక్కలు బాగా వచ్చు కాబట్టి ఆ భయం లేదు. గట్టెక్కితే మెయిన్స్, తొమ్మిది పేపర్లు. రెండు భాషా పేపర్లు పాసైతే చాలు, మిగతా ఏడూ కలిపి 1750 మార్కులు. ఆ తర్వాత ఇంటర్వ్యూ, 275. మొత్తం 2025 మార్కుల మీద ర్యాంకు.

సంక్రాంతి వెళ్ళాక నోటిఫికేషన్ కోసం కళ్ళు పెట్టుకుని ఉండాలి. 2025లో జనవరి 22న ఇచ్చారు, మే 25న ప్రిలిమ్స్, ఆగస్టు 22 నుంచి మెయిన్స్. అంటే దాళ్వా నాట్లు పడే వేళకి దరఖాస్తు, కోతలు కోసి ఒబ్బిడి చేసుకునే వేళకి మొదటి పరీక్ష.

పది లక్షల మంది రాస్తారటగా అని మీ నాన్నగారు దిగులు పడుతున్నారు. ఈ లెక్క ఆయనకి చెప్పు. 2024 పరీక్షకి దరఖాస్తు పెట్టింది 9,92,599 మంది. తీరా హాల్లోకి వెళ్ళి కూర్చున్నది 5,83,213 మంది. నాలుగు లక్షల పైచిలుకు మంది గుమ్మమే తొక్కలేదు. మెయిన్స్‌కి 14,627 మంది, ఇంటర్వ్యూకి 2,845 మంది, చివరికి ఎంపికైంది 1,009 మంది. కష్టం కాదనను. కానీ బుజ్జి పోటీ పడాల్సింది పది లక్షల మందితో కాదు, నిజంగా చదివి వచ్చినవాళ్ళతో.

ఇప్పుడు కాగితాల సంగతి. ఇది మాత్రం ఒకటికి రెండుసార్లు చదువు, ఎందుకంటే నేను దెబ్బతిన్నది ఇక్కడే. నా మొదటి ఏడాది బీసీ సర్టిఫికెట్ ఉందిగా అని ధీమాగా ఉన్నాను. అది రాష్ట్రం నమూనాలో ఇచ్చింది. ఈ పరీక్ష పెట్టే యూపీఎస్సీకి కావలసింది కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఓబీసీ, నాన్ క్రీమీలేయర్ (అంటే బీసీల్లో బాగా ఉన్నవాళ్ళ కోవలోకి రాము) అని రాసి ఉన్నది. రాష్ట్ర బీసీ జాబితా వేరు, కేంద్ర ఓబీసీ జాబితా వేరు, మన కులం రెండో దాంట్లో కూడా ఉందో లేదో ముందే చూసుకోవాలి. నేను కళ్ళు తెరిచేసరికి గడువు వారం ఉంది. ఆఫీసు చుట్టూ తిరిగితే ఈరోజు సంతకం లేదు, రేపు రండి, సర్వర్ లేదు, ఎల్లుండి రండి. కాగితం చేతికొచ్చేసరికి గడువు దాటి రెండు రోజులైంది. ఇక వేరే దారిలేక ఆఖరి రోజు రాత్రే జనరల్ కింద పెట్టేశాను. ప్రిలిమ్స్ కొద్ది మార్కుల్లో పోయింది. ఆ ఏడు ఓబీసీ కటాఫ్ చూస్తే నా మార్కులు దానికి పైనే ఉన్నాయిరా. ఆ బాధ నేటికీ పోలేదు. బుజ్జికి ఆ గతి పట్టనివ్వను.

నీకున్న అనుమానం కూడా ఇక్కడే తీర్చేస్తాను. నేను కువైట్లో సంపాదిస్తున్నాను, మాకు క్రీమీలేయర్ వచ్చేస్తుందేమో అన్నావు. రాదు. చూసేది అమ్మానాన్నల సంగతే, అన్న జీతం లెక్కలోకి రాదు. ఏడాదికి ఎనిమిది లక్షలన్న గీతలో పొలం మీద ఆదాయం కూడా కలపరు. భూమి మరీ ఎక్కువుంటే దానికి వేరే లెక్క ఉంది, ఎకరంన్నరకి ఆ బెంగ అక్కర్లేదు. ఓబీసీ కింద 35 ఏళ్ళ దాకా, తొమ్మిది సార్లు రాయొచ్చు. జనరల్ అయితే 32 ఏళ్ళు, ఆరుసార్లు. దరఖాస్తు పెట్టి వెళ్ళకపోతే అవకాశం పోయినట్టు కాదు. ప్రిలిమ్స్‌లో ఒక్క పేపరుకి కూర్చున్నా ఒకటి అయిపోయినట్టే. ఫీజు వంద రూపాయలు, అదీ ఆడపిల్లలకి లేదు. నువ్వు రెండు లక్షలు పంపనా అని అడిగావు చూడు, దరఖాస్తుకి అయ్యే ఖర్చు సున్నా!

నిన్న సాయంత్రం బుజ్జి ఫైలు పట్టుకుని మా ఇంటికొచ్చింది. అరుగు మీద కూర్చుని ఒక్కో కాగితం పరిచాం. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు పూర్తిగా ఉంది. ఆధార్లో ఒక్క అక్షరమే ఉంది. డిగ్రీ మార్కుల లిస్టులో ఇంటిపేరు చివరికెళ్ళిపోయింది. ఒకే పిల్ల, మూడు పేర్లు! మన తెలుగువాళ్ళందరికీ ఉన్న తంటాయే ఇది. దరఖాస్తుకి పదో తరగతిలో ఉన్న పేరే ప్రమాణం. అందుకని ఆధార్ సరిచేయించమని ఈ ఉదయమే పంపాను. ఇదివరకు సర్టిఫికెట్లు ప్రిలిమ్స్ గట్టెక్కాక అడిగేవారు (అయినా గడువులోపు తీసుకున్నవై ఉండాలి), 2025లో మొదటి దరఖాస్తుతోనే పెట్టమన్నారు. కాబట్టి తర్వాత చూసుకుందాంలే అంటే కుదరదు. సెంటరు కూడా ముందు పెట్టినవాళ్ళకే ముందు. ఆలస్యమైతే విజయవాడ, విశాఖ నిండిపోయి ఎక్కడో పడుతుంది.

ఇక ఢిల్లీ సంగతి. నేను అక్కడ ఏడాదిన్నర ఉన్నాను. ఇరుకు గది, పక్క మంచం కుర్రాడి దగ్గు, నోట్సు మీద నోట్సు. నేర్చుకున్నది లేకపోలేదు గానీ, అందులో చాలావరకు ఇక్కడ కూర్చుని చదువుకోదగ్గదే. మెయిన్స్‌లో ఎక్కువ జనం పడిపోయేది తెలియక కాదురా, తెలిసింది రాయలేక. జనరల్ స్టడీస్ మొదటి మూడు పేపర్లలో ఒక్కోదానికి మూడు గంటలు, ఇరవై ప్రశ్నలు. పది మార్కులదానికి 150 మాటలు, పదిహేనుదానికి 250. ప్రశ్నకి తొమ్మిది నిమిషాలు.

మొన్న బుజ్జికి ఓ ప్రశ్న ఇచ్చాను, కాలవ నీళ్ళున్న చోట కూడా రైతు పంట ఎందుకు మానుకుంటాడు అని. రైతులు అనేక సమస్యలు ఎదుర్కొంటున్నారు, ప్రభుత్వం తగిన చర్యలు తీసుకోవాలి అని రాసుకొచ్చింది. కాగితం పక్కన పెట్టి, 2011లో కోనసీమలో క్రాప్ హాలిడే అన్నప్పుడు మీ నాన్న చేను ఎందుకు వదిలేశారమ్మా అని అడిగాను. అప్పటికి చిన్నపిల్లే, అయినా ఇంట్లో విన్నదంతా చెప్పుకొచ్చింది. డ్రెయిన్లో గుర్రపుడెక్క పట్టేసి నీళ్ళు దిగకపోవడం, నాట్లు ఆలస్యమై పంట తుపాను రోజులకి చిక్కడం, కూలి పెరిగి ధాన్యం ధర పెరగకపోవడం, మీ అమ్మ గాజులు తాకట్టుకెళ్ళడం. చెబుతుంటే గొంతు మారిపోయింది. అదే రాయమన్నాను. గాజుల సంగతి వదిలేసి మిగతాది రాసింది. చాలా బాగుందిరా! 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నీళ్ళు తేవడమే కాదు, వచ్చిన నీళ్ళు పోయే దారి కూడా కావాలి అని చివర్లో ఓ మాట పెట్టింది. ఆ మాట నేను చెప్పింది కాదు.

తెలుగులోనే రాయనీ. మెయిన్స్ తెలుగులో రాయొచ్చు, ఇంటర్వ్యూ తెలుగులో చెప్పొచ్చు. శ్రీకాకుళం జిల్లా రోణంకి గోపాలకృష్ణ తెలుగులో రాసే 2016 పరీక్షలో మూడో ర్యాంకు తెచ్చుకున్నారు. మనం ఎంచుకునే ఆప్షనల్ సబ్జెక్టుగా తెలుగు సాహిత్యం తీసుకోవచ్చు, బీఎస్సీ చదివినా అడ్డులేదు. నన్నయ రాజమండ్రిలో రాసిన పద్యాలు అందులో సిలబస్సు. బుజ్జికి పద్యం నోటికి ఎలా పడుతుందో నీకు తెలుసుగా. కానీ ప్రిలిమ్స్ ప్రశ్నలు ఇంగ్లీషు, హిందీల్లోనే వస్తాయి. మెయిన్స్‌లో ఇంగ్లీషు పేపరు 300కి 75 తెచ్చుకోవాలి. అందుకని రోజూ ఓ ఇంగ్లీషు పేపరు చదవమన్నాను. డబ్బు పెట్టాలనుంటే దానికి పెట్టు, పాత ప్రశ్నపత్రాలకి, ఓ మంచి టెస్ట్ సిరీస్‌కి పెట్టు. ఒకసారి ప్రిలిమ్స్ రాశాక, ఏం తక్కువైందో చూసుకుని అప్పుడు ఢిల్లీ మాట ఆలోచిద్దాం.

సోమవారం మీ నాన్నగార్ని గ్రామ సచివాలయానికి తీసుకెళ్తున్నాను, ఓబీసీ సర్టిఫికెట్‌కి పెట్టడానికి. ఈసారి నమూనా కాగితం ప్రింటు తీసి చేత్తో పట్టుకునే వెళ్తాను.

ఒక్క సంగతి నీతోనే చెప్పాలి. నిన్న వెళ్ళేముందు చెప్పులేసుకుంటూ, అన్నయ్యకి ఖర్చు ఎక్కువవుతుందేమో, గ్రూప్స్ రాసుకుంటే సరిపోతుందేమో అంది. నేనేమీ అనలేదు, అది నువ్వు చెప్పాల్సిన జవాబు. శుక్రవారం నీకు సెలవు కదా. ఫోన్ చెయ్యి. మీ నాన్నగారికి కాదు, ముందు బుజ్జికి.

నీ
శీను