భోగి మంటలో వేసే ముందు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఫీజులు, బస్సుల సంగతులు వెనక పేజీలో ఉన్నాయి. ఈ ఉత్తరం మాత్రం ఎనిమిదో తరగతికి సోషల్ చెప్పే టీచరుగా రాస్తున్నాను. సంక్రాంతికి అటకలు దులుపుతారు కదా, పాత ట్రంకుపెట్టెలో కాగితాలుంటే చూడకుండా భోగి మంటలో వేయకండి. పిల్లల సెలవుల పనికి అవి కావాలి.

మన గుంటూరు పక్కనే ఇలాంటి పని చాలా పెద్ద ఎత్తున జరిగింది. 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త ఊరు కట్టిస్తున్నప్పుడు ఇటుకలకు, రాళ్లకు అక్కడి దీపాలదిన్నెను తవ్వించారు. ఆ దిన్నె కింద ఉన్నది బౌద్ధ స్తూపం. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూసేసరికే తవ్వకం సాగుతోంది. మిగిలిన శిల్పాల్లో మేలైనవి ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. పిల్లలు ఇది విని తవ్వినవాళ్ల మీద మండిపడతారు. పాపం, వాళ్లకు కావలసింది ఇటుకలు. మనకు అటక మీద ఖాళీ కావాలి, అంతే తేడా.

తాతముత్తాతల పేర్లు వెతికితే చాలాసార్లు దేవుడి దగ్గరే దొరుకుతాయి. చర్చిలో బాప్తిస్మం రిజిస్టరు, నిఖానామా మీద సాక్షుల సంతకాలు, గుడి గోడకు బిగించిన చందాదారుల రాయి, కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభ కట్టినప్పుడు తీయించుకున్న ఫోటో. మా క్లాసులో ఈ ఇళ్లన్నిటి పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. కిందటిసారి ఒకమ్మాయి వాళ్ల జేజమ్మ బైబిలు చదవడం కోసమే అక్షరాలు నేర్చుకుందని చెప్పింది. 1842లో ఫాదర్ హయ్యర్ అనే లూథరన్ మిషనరీ గుంటూరు వచ్చి మిషన్ పెట్టాడని నేను చెప్పినప్పుడు ఆవులించిన క్లాసు, ఆ జేజమ్మ దగ్గరకొచ్చేసరికి లేచి కూర్చుంది. ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో ఇక్కడ ఆడపిల్లల చదువు కోసం శారదా నికేతనం పెట్టారన్నది కూడా అంతే. మీ ఇంట్లో మొదట బడికి వెళ్లిన ఆడమనిషి ఎవరు అని అడిగాకే పిల్లలకు ఆ తేదీ పట్టింది.

కాబట్టి సెలవుల పని ఒక్కటే. ఇంట్లో ఒక పాత కాగితమో వస్తువో ఎంచుకుని, దాని గురించి నాయనమ్మో తాతయ్యో చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసుకురావాలి. చార్టులు, థర్మాకోల్, నెట్ సెంటర్ ప్రింటవుట్లు వద్దు. మార్కులూ లేవు, కాబట్టి మీరు టెన్షన్ పడి రాసిపెట్టకండి. మీరు రాస్తే తెలిసిపోతుంది: పెద్దలు రాసిన వాటిలో అందరూ జమీందారుల వంశమే! అంతమంది జమీందారులుంటే మిరప చేలో కాయ కోసింది ఎవరో మరి. తీర్చేసిన ప్రోనోటు ఉంటే అదే పంపండి. అప్పు చేసి ఎవరిని చదివించారో పిల్లలకు తెలిస్తే నామోషీ ఏముంది? చెప్పడానికి పెద్దవాళ్లకు మనసొప్పకపోతే మాత్రం బలవంతపెట్టొద్దని పిల్లలకు ముందే చెప్పాను.

అసలు కాగితాలు బడికి పంపొద్దు, జెరాక్స్ చాలు. జెరాక్స్‌కి ఇస్తే చిరిగిపోయేలా ఉంటే ఫోన్‌లో ఫోటో తీసి క్లాస్ టీచరుకు వాట్సాప్ చేయండి, ఇక్కడ మేమే ప్రింటు తీసుకుంటాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు