మన పార్కు జమా ఖర్చులు: సగానికి పైగా డబ్బు నేలలోకే ఎందుకు పోయింది

కాలనీవాసులందరికీ పార్కు అభివృద్ధి కమిటీ నమస్కారాలు.

గుంటూరు శివారులోని మన కాలనీ పార్కును పిల్లలందరూ కలిసి ఆడుకునేలా మార్చాలని తలపెట్టిన సంగతి మీకు తెలుసు. వీల్‌చెయిర్‌లో వచ్చే పిల్లలు, చూపు లేని పిల్లలు, చప్పుళ్లకు బెదిరే పిల్లలు, మోకాళ్లు పట్టేసిన తాతయ్యలు, మామ్మలు అందరూ వచ్చేలా ఉండాలన్నది తీర్మానం. అందుకోసం 2024 జూన్ 1 నుంచి 2025 సెప్టెంబరు 30 వరకు వసూలైన సొమ్ము, అయిన ఖర్చు ఇక్కడ రాస్తున్నాం. లెక్కలను కమిటీలో లేని ఇద్దరు కాలనీ సభ్యులు ఓచరు ఓచరూ తిప్పి చూశారు. ఆ తర్వాతే చార్టర్డ్ అకౌంటెంటు దగ్గరకు పంపాం.

ముందు జమ.

ఇళ్ల చందాలు (312 ఇళ్లకు 247 ఇళ్లు): రూ. 7,86,500
అద్దెకు ఉంటున్నవారు ఇచ్చినది: రూ. 64,300
ఊరు మారినవారు, విదేశాల్లో ఉంటున్న భారత పౌరులు: రూ. 3,42,000
వినాయక చవితి ఉత్సవాల మిగులు: రూ. 58,700
సంక్రాంతి ముగ్గుల పోటీ, తినుబండారాల స్టాళ్లు (వసూలు 63,400, ఖర్చు 22,150): రూ. 41,250
రంగులరాట్నం కోసం ఒక దాత: రూ. 1,85,000
పాత ఇనుప జారుడుబల్ల, విరిగిన ఉయ్యాలలు తుక్కుకు అమ్మగా: రూ. 14,820
బ్యాంకు వడ్డీ: రూ. 11,436
మొత్తం జమ: రూ. 15,04,006

ఇంటికి మూడు వేలని అనుకున్నాం. కొందరు పదివేలు ఇచ్చారు, కొందరు అయిదు వందలు ఇచ్చారు. రెండింటికీ ఒకే రకం రసీదు. ఇంకా ఇవ్వని 65 ఇళ్ల పేర్లు బోర్డు మీద రాయమని జనరల్ బాడీలో ఒకరిద్దరు గట్టిగానే అడిగారు. రాయం. వాటిలో తాళం వేసి ఉన్న ఇళ్లున్నాయి, ఆసుపత్రి ఖర్చుల్లో ఉన్న ఇళ్లున్నాయి. ఇచ్చినవారి పేర్లు మాత్రం ఒకే బోర్డు మీద అక్షర క్రమంలో ఉంటాయి, పక్కన అంకె ఉండదు. అద్దెకుండేవాళ్లను మేం అడగనేలేదు. అయినా వాళ్లే వచ్చి ఇచ్చారు.

యూపీఐలో ఇంటి నంబరు రాయకుండా వచ్చిన చెల్లింపులు అయిదున్నాయి, మొత్తం రూ. 6,500. ఇళ్ల చందాల్లోనే కలిపాం. అవి మీవైతే చెప్పండి, రసీదు ఇస్తాం.

విదేశాల నుంచి వచ్చే సొమ్ము గురించి చాలామంది అడిగారు కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. మన పిల్లలు డల్లాస్‌లోనూ మెల్‌బోర్న్‌లోనూ ఉన్నారు, ఒక్క ఫోను చేస్తే చాలు పంపుతామన్నారు. అయితే 2010 నాటి విదేశీ విరాళాల చట్టం అడ్డొచ్చింది. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఎక్కడున్నా సరే, తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే మనిషి అక్కడి పౌరసత్వం తీసుకుంటే, చేతిలో ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా, పుట్టింది గుంటూరు బ్రాడీపేటలోనే అయినా, చట్టం దృష్టిలో విదేశీయుడే. ఆ సొమ్ము తీసుకోవాలంటే మన సంఘానికి ప్రత్యేక రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి, ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ఖాతా ఉండాలి. మనకు ఇవేవీ లేవు. అందుకే ప్రతి ఒక్కరినీ ముందుగా పాస్‌పోర్టు ఏ దేశానిదని అడిగాం. ‘చందా ఇస్తామంటే ఇమ్మిగ్రేషన్ ఆఫీసరులా ప్రశ్నలేంటండీ’ అని నవ్వినవాళ్లున్నారు, నొచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. అలా వద్దనుకున్న సొమ్ము రెండు లక్షల పైమాటే. వాళ్లలో ఒకాయన డిసెంబరు సెలవులకు వచ్చి, రెండు పూటలు పార వేసి మొక్కల గుంతలు తవ్వి వెళ్లారు. దానికి ఏ చట్టమూ అడ్డు చెప్పదు కదా.

ఇంకో సంగతి. మనది 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన సంఘమే గానీ ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 80జీ గుర్తింపు లేదు. కనుక మీరిచ్చిన చందాకు ఆదాయపు పన్నులో మినహాయింపు రాదు. కంపెనీలు సామాజిక సేవకు కేటాయించే సీఎస్ఆర్ సొమ్మును మన సంఘం చేతుల మీదుగా ఖర్చు పెట్టే వీలు లేకపోవడానికీ అదే కారణం. చందా అడిగిన రోజే ఈ మాట చెప్పాం, మళ్లీ చెబుతున్నాం.

వస్తురూపంలో వచ్చినవి పై లెక్కలో లేవు: సిమెంటు 120 బస్తాలు, వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు ఒకటి, కానుగ, వేప, పారిజాతం మొక్కలు.

ఇక ఖర్చు.

నల్లమట్టి తీయడం, గ్రావెల్ నింపడం, రోలింగ్: రూ. 2,64,800
నడక దారి కాంక్రీటు (2,520 చదరపు అడుగులు, అడుగుకు 68 చొప్పున): రూ. 1,71,360
ఆటస్థలం రబ్బరు నేల, కింది కాంక్రీటుతో సహా (1,100 చదరపు అడుగులు): రూ. 2,97,000
గేటు ర్యాంపు, రెండు వైపులా రెయిలింగ్: రూ. 78,600
ఆట పరికరాలు: రూ. 3,22,100
మరుగుదొడ్డి మార్పులు: రూ. 92,700
చేతులున్న బెంచీలు, నీడ పందిరి: రూ. 74,400
లైట్లు, వైరింగ్: రూ. 48,900
మొక్కలు, ఎరువు: రూ. 21,350
బ్రెయిలీ, బొమ్మల బోర్డులు: రూ. 18,600
ఆడిట్, రసీదు పుస్తకాలు, బ్యాంకు చార్జీలు: రూ. 19,740
మొత్తం ఖర్చు: రూ. 14,09,550
నిల్వ: రూ. 94,456 (బ్యాంకులో 93,206, చేతిలో 1,250)

మొదటి నాలుగు పద్దులు కలిపితే రూ. 8,11,760. అంటే వంద రూపాయల్లో 57 పైచిలుకు నేల మీదే పెట్టాం. ‘పదిహేను లక్షలు వసూలు చేశారు, కనిపించేవి నాలుగు ఆటవస్తువులేనా’ అని వాట్సాప్ గ్రూపులో వచ్చిన ప్రశ్నకు జవాబు ఈ అంకెలోనే ఉంది.

మనది నల్లరేగడి నేల. వానలకు ఉబ్బుతుంది, వేసవిలో చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. దాని మీద నేరుగా కాంక్రీటు పోస్తే రెండో ఏడాదికి పగిలి ఎగుడుదిగుడవుతుంది. మనకది తట్టుకుంటే తమాయించుకునే గతుకే. వీల్‌చెయిర్‌కు ముందుండే చిన్న చక్రాలు మాత్రం అర అంగుళం ఎత్తున్నా అక్కడే ఆగిపోతాయి, కూర్చున్న పిల్లవాడు ముందుకు తూలతాడు. అందుకే దారి, ఆటస్థలం వచ్చే మేర ఒకటిన్నర అడుగు నల్లమట్టి తీయించి, 22 టిప్పర్ల గ్రావెల్ పొరలు పొరలుగా పోయించి, నీళ్లు పెట్టి రోలరు తిప్పించాం. గ్రావెల్‌కు 1,54,000, జేసీబీకి 16 గంటలకు 19,200, మట్టి ఎత్తి తోలడానికి 42,000, రోలరుకు, కూలీలకు 49,600 అయ్యాయి. తీసిన మట్టిలో కొంత మొక్కల మళ్లకు వాడాం.

దారి వెడల్పు ఆరడుగులు. ఎదురెదురుగా రెండు వీల్‌చెయిర్లు వచ్చినా ఎవరూ వెనక్కి వెళ్లక్కర్లేదు. పేవర్ బ్లాకులు చౌక అన్నారు. నిజమే. కానీ వాటి సందుల మీద చక్రం దడదడలాడుతుంది, వెన్ను నిలవని పిల్లలకు ఆ కుదుపు బాధ. అందుకని పైన చీపురుతో గీతలు పెట్టిన కాంక్రీటే పోయించాం. తడిసినా జారదు.

రబ్బరు నేల గురించే ఎక్కువ వాదన జరిగింది. ఇసుక పోస్తే పది, ఇరవై వేలలో అయిపోయేది కదా అన్నారు. ఇసుకలో చక్రం దిగబడుతుంది, ఊతకర్ర దిగబడుతుంది, పైగా రాత్రిళ్లు కుక్కలూ పిల్లులూ ఆ ఇసుకను ఏం చేస్తాయో అందరికీ తెలుసు. కొటేషన్లు మూడు వచ్చాయి: అడుగుకు 185, 210, 265. 185 అన్నవారిది వాకింగ్ ట్రాకులకు వేసే 15 మిల్లీమీటర్ల పలుచని పొర. ఉయ్యాల మీంచి పడితే అది ఆపదు. అందుకే 40 మిల్లీమీటర్ల మందంతో 210కి ఇచ్చినవారికి పని ఇచ్చాం. కింద పాత టైర్ల తురుము, పైన రంగు ఈపీడీఎం (ఒక రకం కృత్రిమ రబ్బరు) గుళికలు, రెంటినీ జిగురుతో కలిపి అక్కడికక్కడే పరుస్తారు. అతుకులుండవు. ముదురు రంగులు అందంగా ఉంటాయని చెప్పినా మేం లేత బిస్కెట్ రంగు, లేతాకుపచ్చే ఎంచాం. రోహిణి కార్తె ఎండలో నల్ల రబ్బరు మీద చెప్పుల్లేకుండా పిల్లలు కాలు పెట్టలేరు. కానుగలు పెరిగి నీడ పట్టేదాకా, వేసవిలో ఆటస్థలం సాయంత్రం అయిదు తర్వాతే తెరుస్తాం.

గేటు ర్యాంపుది ఒక కథ. రోడ్డు మీంచి గేటు గడప 15 అంగుళాల ఎత్తు. కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ 2021లో తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవు ఉండాలి. అంటే మనకు 15 అడుగులు రావాలి. మేస్త్రీగారు ఆరడుగుల్లో దించేశారు. ‘స్కూటర్లు సుఖంగా ఎక్కుతున్నాయి కదండీ’ అన్నారు. మూడో వీధిలో ఉండే ఒక తల్లిని బతిమాలి, తొమ్మిదేళ్ల బాబును చక్రాల కుర్చీలో కూర్చోబెట్టుకుని ఎక్కించి చూడమన్నాం. సగం ఎక్కాక కుర్చీ వెనక్కి జారింది. ఇద్దరు మగవాళ్లు పట్టుకోవాల్సి వచ్చింది. మేస్త్రీగారు ఇంకేం మాట్లాడకుండా మర్నాడే పగలగొట్టారు. ఆ పగలగొట్టిన ఖర్చు సంఘం మీద పడలేదు, ఆయనే భరించారు. ఇప్పుడున్న ర్యాంపును ఆ తల్లి ఒంటిచేత్తో ఎక్కించగలదు. రెయిలింగ్ రెండు ఎత్తుల్లో పెట్టించాం, ఒకటి పెద్దలకు, ఒకటి పిల్లలకు.

గేటు దగ్గర మోటారు సైకిళ్లు రాకుండా తిరిగే గేటు పెట్టమని ఇప్పటికీ అడుగుతున్నారు. పెట్టలేం. మూడడుగుల సందులోంచి వీల్‌చెయిర్ పోతుంది, దాంతోపాటు స్కూటరూ పోతుంది. ఒకదాన్ని ఆపి రెండోదాన్ని పంపే గేటు మాకు దొరకలేదు. బండి లోపలికి తెచ్చేవాళ్లు ఎవరి పిల్లలో మీకు తెలుసు, కాస్త చెప్పండి.

ఆట పరికరాల్లో పెద్ద ఖర్చు నేలకు సమంగా ఉండే రంగులరాట్నానిది, రూ. 1,92,400. చక్రాల కుర్చీని అలాగే దొర్లించి ఎక్కించి, కదలకుండా బిగించి తిప్పవచ్చు. దాత ఇచ్చిన 1,85,000 పోను 7,400 సాధారణ నిధిలోంచి పెట్టాం. ఆ దాత తన పేరు వద్దన్నారు. పడుకునైనా ఊగగల బుట్ట ఉయ్యాల 68,500, సంగీత గొట్టాలు, తడిమి చూసే పలకలు 44,300, కుర్చీలోంచే చేతులు పెట్టగల ఎత్తైన ఇసుక బల్ల 16,900. బుట్ట ఉయ్యాల ఆలోచన విశాఖ బీచ్ రోడ్డులోని ఆల్ ఎబిలిటీ పార్కు చూశాక వచ్చింది. అక్కడికి వెళ్లిన ఖర్చులు ఎవరివి వాళ్లే పెట్టుకున్నారు.

మరుగుదొడ్డికి తలుపు వెడల్పు చేయించాం, లోపల కుర్చీ తిరిగేంత చోటు, పట్టుకునే కమ్మీలు వచ్చాయి. మొక్కల్లో గన్నేరు పీకించేశాం, విషం కనుక. చూపు లేని పిల్లలు వాసనతో దారి గుర్తు పట్టేలా మలుపుల దగ్గర మరువం, మల్లె, తులసి పెట్టాం.

బయటివాళ్లు వస్తున్నారు, తాళం వేసి కాలనీవాళ్లకే తాళంచెవులు ఇవ్వమన్న వినతి మీద మా అభిప్రాయం ఇక్కడే చెప్పేస్తాం. లేఅవుట్ వేసినప్పుడే ఈ 20 సెంట్ల ఖాళీ స్థలం గిఫ్ట్ డీడ్ (దానపత్రం) ద్వారా నగరపాలక సంస్థకు చేరింది. అనుమతి తీసుకుని బాగు చేసింది మనమే అయినా ఇది అందరి పార్కు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఇలాంటి చోట్లు అందరికీ అందుబాటులో ఉండాలి కూడా. పక్క కాలనీ నుంచి ఆటోలో వచ్చే ఇద్దరు పిల్లలను తాళం వేసి ఆపే ఉద్దేశం మాకు లేదు.

నిల్వ రూ. 94,456లో రూ. 22,000 రబ్బరు నేల వేసినవారికి ఇవ్వాల్సిన బకాయి. వచ్చే వేసవి ఎండలకు బీటలు రాలేదని చూశాకే ఇస్తామని ఒప్పందంలో రాసుకున్నాం. పోగా మిగిలేది 72,456. ఊడ్చి నీళ్లు పెట్టే మనిషికి నెలకు 10,000, కరెంటు సుమారు 1,800, చిల్లర మరమ్మతులు 1,700, కలిపి 13,500. ఈ లెక్కన డబ్బు అయిదు నెలలకు సరిపోతుంది, ఆ తర్వాత లేదు. అందుకే ఇంటికి నెలకు 50 రూపాయల నిర్వహణ చందా ప్రతిపాదిస్తున్నాం. 312 ఇళ్లూ ఇస్తే 15,600 వస్తుంది, ఇవ్వనివాళ్లు కొందరున్నా నడుస్తుంది. రాబోయే జనరల్ బాడీలో దీని మీద చేతులెత్తి నిర్ణయిద్దాం.

రసీదు పుస్తకాలు (రద్దయిన నాలుగు రసీదులతో సహా), ఓచర్లు, మూడు కొటేషన్లు, బ్యాంకు పాసుపుస్తకం కమ్యూనిటీ హాలులో ఉంటాయి. ఆదివారాల్లో ఉదయం పది నుంచి పన్నెండు దాకా ఎవరైనా వచ్చి చూడవచ్చు. ఫొటో తీసుకోవచ్చు, దాతల ఫోను నంబర్లున్న పేజీలు తప్ప.

ఇట్లు,
అధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి
పార్కు అభివృద్ధి కమిటీ